నడిమి పేజీల ఫొటో



వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, మేము ముందుగా ఒప్పుకున్నది రాయడానికి కాదు. "సార్, ఈసారి గ్రూపు ఫొటో మేం తీస్తం" అన్నాం. సారు కాసేపు ఆగి, "తియ్యుండ్రి. కానీ ఎట్ల తీసిన్రో అది గూడ రాయాలె" అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము అంటే నలుగురం. ఇద్దరం మెట్‌పల్లి పక్క పల్లెలవాళ్లం. ఒకడు కోరుట్ల. ఒకడిది సిరిసిల్ల, అమ్మమ్మ ఊరు మెట్‌పల్లి కాబట్టి ఇక్కడ చేరాడు. 2017లో పదో తరగతి ముగించి ఈ గేటు దాటాం. ఇప్పుడు తలా ఒక చోట పీజీ చదువుతున్నాం. మాలో ఎవరమూ ఫొటోగ్రఫీ నేర్చుకున్నవాళ్లం కాదు. మరి గ్రూపు ఫొటో మీద ఇంత పట్టుదల ఎందుకంటే 2017 సంచిక గురించి చెప్పాలి.

ఆ యేడు ఫొటో మీలో చాలామంది చూసి ఉండరు. అయిదు వరుసల్లో 96 మందిమి. వెనుక కొత్తగా సున్నం వేసిన గోడ, ఒంటి మీద తెల్ల చొక్కాలు, నడినెత్తిన ఎండ. సంచిక చేతికొచ్చాక పేజీ తిప్పి చూస్తే చొక్కాలు ధగధగ మెరుస్తున్నాయి, ముఖాలు ఉండాల్సిన చోట నల్లటి చుక్కలున్నాయి. మాలో ఒకడు దాన్ని ఇంటికి పట్టుకుపోయాడు. వాళ్ల అవ్వ బీడీల చాట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పేజీని దీపం కిందికి తెచ్చుకుంది.

"ఇండ్ల నువ్వేడున్నవ్ బిడ్డా?"

"పైకెళ్లి రెండో వరుస, ఎడమచెయ్యి దిక్కుకెళ్లి ఏడోటోన్ని."

ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఏడోటోడు దొరికిండు. మరి మొఖమేది?"

ఇంట్లో అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆమె మాత్రం ఆ పేజీని మడిచి సందుగలో పెట్టుకుంది, ఇప్పటికీ ఉంది. మా తాతల ఫొటోలు మా ఇండ్లల్లో లేవు. ఒకరి నాయనమ్మది రేషన్ కార్డు మీద ఉన్నదే మొదటిదీ ఆఖరుదీ. హైదరాబాదు ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ పెద్ద పెద్ద గాజు పలకల మీద నవాబుల ఫొటోలు తీశాడని, వాళ్ల షేర్వాణీ గుండీలు కూడా ఇవాళ్టికీ లెక్కపెట్టవచ్చని చదివినప్పుడు మాకు ఆ ఏడోటోడు గుర్తొచ్చాడు. ఆయన 1905లో చనిపోయాడు. ఆయన వెనుక నూరేళ్లకు పైగా గడిచాక కూడా మా ముఖం పడలేదేమిటి అనిపించింది.

ఈసారి పెద్ద కెమెరా తెస్తే అయిపోతుందనుకున్నాం. మెగాపిక్సెళ్లు తక్కువైతే ముఖాలు రావు, ఎక్కువైతే వస్తాయి - అప్పటికి మాకు తెలిసిన శాస్త్రం అంతే.

కోరుట్ల మిత్రుడి అన్న ఒక పెండ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర సహాయకుడు. మూఢం రోజులు కావడంతో పెండ్లిళ్లు లేవు, కెమెరాలు బ్యాగుల్లో పడుకుని ఉన్నాయి. అట్లా నికాన్ డి850 ఒక ఆదివారానికి దొరికింది. 2017లో వచ్చిన కెమెరా, 45.7 మెగాపిక్సెళ్లు. జగిత్యాలలో ఇంకొకరిని బతిమాలితే కెనాన్ 5డి మార్క్ ఫోర్ ఇచ్చారు. అది 2016ది, 30.4 మెగాపిక్సెళ్లు. రెండింటికీ 24-70 జూమ్ లెన్సు, ఎఫ్2.8ది. ఒక్కో కెమెరా ధర రెండు లక్షలు దాటినదే కాబట్టి బస్సులో బ్యాగు ఒళ్లో నుంచి దించలేదు. మూడోది మాలో ఒకడు స్కాలర్‌షిప్ డబ్బులు కూడబెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 200డి. 24.2 మెగాపిక్సెళ్లు, సెన్సార్ చిన్నది, దానికి 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు. దాన్ని పోటీకి తేలేదు, ఊరికే తెచ్చాం.

ఇరవైమంది తమ్ముళ్లను ఒక్క వరుసలో నిలబెట్టాం. అటూ ఇటూ జాగా కలిపి వరుస వెడల్పు పదకొండు మీటర్లు. అదే గోడ, అదే పిల్లలు, అదే ఎండ. ఒక కెమెరా తర్వాత ఒకటి తీసి లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టాం.

ఇక చూడండి గొడవ! మాలో ఇద్దరం నికాన్, ఇద్దరం కెనాన్. పూర్తి సైజుకు పెంచి చూస్తే నికాన్‌లో కనుబొమల వెంట్రుకలు కొంచెం విడివిడిగా ఉన్నాయి, అది నిజం. అయితే 45.7 అనేది 24.2కు దాదాపు రెట్టింపు కదా, ముఖం రెట్టింపు పెద్దగా రావాలి కదా? రాలేదు. కాగితం మీద లెక్క వేస్తేగాని అర్థం కాలేదు. పిక్సెళ్లు అడ్డంలోనూ నిలువులోనూ పంచుకుంటాయి. నికాన్ ఫొటో వెడల్పు 8256 పిక్సెళ్లు, 200డి ఫొటోది 6000. తేడా 38 శాతమే. పదకొండు మీటర్ల వరుసలో పదిహేను సెంటీమీటర్ల ముఖానికి నికాన్‌లో 112 పిక్సెళ్లు వస్తాయి, 5డి మార్క్ ఫోర్‌లో 92, మా పాత కెమెరాలో 82. రెండు లక్షలకు దొరికే అదనం ముప్పై పిక్సెళ్లన్నమాట.

(ఒక మాట. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాలో మొత్తం బొమ్మే వంద అడ్డం, వంద నిలువు, అంటే పదివేల పిక్సెళ్లు. డి850 గ్రూపు ఫొటోలో ఒక్కో తమ్ముడి ముఖానికి అంతకంటే ఎక్కువ పడ్డాయి.)

కెమెరా కన్నా లెన్సు ఎక్కువ తేడా చూపించింది. మొదట 24 ఎంఎం దగ్గర పెట్టి ఏడు మీటర్ల దూరం నుంచి తీశాం. నడుమ ఉన్నవాళ్లు బాగున్నారు. రెండు కొసల్లోవాళ్ల తలలు పక్కకు సాగి గుమ్మడికాయలయ్యాయి. వెడల్పు లెన్సుల గుణమే అది, కొసకు పోయేకొద్దీ గుండ్రటిదాన్ని సాగదీస్తుంది. ఇక్కడ అయిదో వంతు దాకా సాగదీసింది. పైగా ఎఫ్2.8 దగ్గర మూలలు మెత్తబడ్డాయి. కొసన నిలబడిన ఏడో తరగతి పిల్లవాడు తెర చూసి, "అన్నా, నాకు గాలి కొట్టిన్రా?" అన్నాడు. అదే లెన్సును 50 దగ్గర పెట్టి పదిహేను మీటర్లు వెనక్కి జరిగితే ఆ బాధ పోయింది. ఎఫ్8కి తెచ్చాక మూలలు కూడా గట్టిపడ్డాయి. ఇంకా గట్టిపడతాయని మాలో ఒకడు ఎఫ్16 దాకా పోయాడు, అప్పుడు మొత్తం ఫొటో మళ్లీ మెత్తబడింది. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర చెదిరి, ఒక చుక్క పక్క పిక్సెళ్ల మీదికి పారుతుంది. పిక్సెల్ ఎంత చిన్నదైతే ఆ చెదురు అంత బాగా కనబడుతుంది. డి850లో ఒక మిల్లీమీటరులో 230 పిక్సెళ్లున్నాయి, అందుకే దానికి ముందు దెబ్బ తగిలింది.

సన్న గళ్ల చొక్కా వేసుకొచ్చిన పిల్లవాడి దగ్గర నికాన్ ఇంకో వింత చూపించింది. గళ్లు మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. ఆ చొక్కా మీద లేని రంగులు, ఇంద్రధనుస్సులాంటి చారలు తేలాయి. కెనాన్‌లోనూ ఉన్నాయిగానీ తక్కువ. కారణం తర్వాత చదివి తెలుసుకున్నాం. కెనాన్ సెన్సార్ ముందు బొమ్మను రవ్వంత మెత్తబరిచే ఒక పల్చటి ఫిల్టర్ ఉంటుంది. పదును పెరగాలని డి850లో దాన్ని తీసేశారు. ఆ ఫిల్టర్ ప్రభావం లేకుండా చేసే సంప్రదాయం నికాన్‌లో 2012 నాటి డి800ఈ నుంచే ఉంది. బట్ట గళ్ల వరుసా పిక్సెళ్ల వరుసా ఒకదానికొకటి దగ్గరగా వస్తే ఈ దొంగ చారలు పుడతాయి. మన హాస్టల్‌లో రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు అలలు కనబడతాయి కదా, అదే.

ఆ చారలను సిరిసిల్ల మిత్రుడి బాపుకు చూపించాలనిపించింది. ఆయన ఏండ్ల తరబడి సాంచాల మీద బట్ట నేసినవాడు. మరుసటి ఆదివారం లాప్‌టాప్, పాత సంచిక రెండూ పట్టుకుని సిరిసిల్ల పోయాం. చారలు చూసి ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "పల్చటి బట్ట రెండు మడతలు పెట్టి వెలుగుల పట్టుకో, గివ్వే కనవడ్తయ్" అన్నాడు. తర్వాత పాత సంచిక అడిగి తీసుకుని, గూట్లోంచి ఒక చిన్న భూతద్దం తెచ్చాడు. బట్ట మీద పెట్టి ఇంచుకు పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు అని లెక్కపెట్టే అద్దం. దాన్ని మా 2017 ఫొటో మీద పెట్టి కన్ను ఆనించాడు.

"ఇది బట్ట లెక్కనే ఉన్నది గదరా! చుక్కలు చుక్కలు. ఇంచుకు నూటయాభై ఉంటయేమో."

మేమంతా ఒకరి తర్వాత ఒకరం చూశాం. నిజమే, అచ్చుయంత్రం ముఖాన్ని పోగుల్లాగా చుక్కలు చేసి పరుస్తుంది. ఆయన లెక్కపెట్టుకుంటూ కొడుకు ముఖం దగ్గరికి వచ్చాడు. అడ్డంగా పదిహేను చుక్కలు కూడా లేవు.

"గీ పదిహేను పోగుల మీద నువ్వు ఎంత మంచి పువ్వు దించినా ఏమొస్తది? ముందుగల్ల బట్ట చూడుండ్రి."

రెండు లక్షల కెమెరాలతో ఆదివారమంతా మేము చూడనిది ఆయన ఒక్క నిమిషంలో చూశాడు. తిరుగు బస్సులో లెక్క వేశాం. పద్దెనిమిది సెంటీమీటర్ల వెడల్పున అచ్చేస్తే ఆ వరుసలో ఒక్కో ముఖం రెండున్నర మిల్లీమీటర్లు. మంచి అచ్చుకు ఇంచుకు 300 పిక్సెళ్లు చాలంటారు. ఆ లెక్కన ముఖానికి కావలసింది 29 పిక్సెళ్లు. మా చౌక కెమెరాలో 82 ఉన్నాయి, నికాన్‌లో 112. మిగతావన్నీ ప్రెస్సులోనే పారబోస్తున్నాం. కెమెరా మార్చడం కాదు, పేజీ మార్చాలి.

అప్పుడు పాత సంచికను మళ్లీ తిరగేశాం. ముందు పేజీల్లో పెద్దల అభినందన సందేశాలున్నాయి. స్కేలు పెట్టి కొలిచాం. అక్కడ ఒక్కో ముఖం అయిదు సెంటీమీటర్లు. మాది రెండున్నర మిల్లీమీటర్లు, అంటే ఇరవయ్యో వంతు. ఈ మాట వార్డెన్ సారుతో ఎట్లా చెప్పాలని రెండు రోజులు ఆలోచించాం. చివరికి స్కేలూ సంచికా రెండూ సారు బల్ల మీద పెట్టి ఏమీ అనకుండా నిలబడ్డాం. సారు కొలుచుకున్నారు. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "సందేశాలన్నీ ఒక్క పేజీల సర్దుదాం. నడిమి రెండు పేజీలు పిల్లలకియ్యుండ్రి" అన్నారు. నడిమి పేజీలంటే మధ్యలో అతుకు లేకుండా ఒకే కాగితం. 38 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, ముఖం అయిదు మిల్లీమీటర్లు దాటుతుంది. అదీ చిన్నదే, కానీ కన్ను, ముక్కు, నవ్వు పట్టేంత చోటుంది.

పేజీ దొరికింది. నలుపు సంగతి మిగిలింది. 2017 ఫొటోలో ముఖాలు చిన్నవి కావడం ఒకటి, నల్లటి చుక్కలు కావడం ఇంకొకటి. మా పరీక్షలోనూ ఆటోలో పెట్టి తీస్తే మూడు కెమెరాలూ ఒకే తప్పు చేశాయి. ఇక్కడ నికాన్ లేదు, కెనాన్ లేదు. గోడ తెలుపు, చొక్కాలు తెలుపు. కెమెరాకు మనిషి ఎవరో, గోడ ఏదో అంతగా తెలియదు. దృశ్యమంతా కలిపి సగటున నడిమి రకం బూడిద రంగు, అంటే పడ్డ వెలుగులో 18 శాతం తిరిగి పంపే రంగు ఉంటుందని అది అనుకుంటుంది. ఇప్పటి కెమెరాలు ఇంతకంటే తెలివైనవే, అయినా తెలుపు ఎక్కువైతే వెలుగు తగ్గిస్తాయి. తెల్ల గోడ బూడిదవుతుంది, చామనఛాయ ముఖం నలుపవుతుంది, నల్ల ముఖం మాయమవుతుంది.

దీని గురించి వెదుకుతుంటే ఒక చరిత్ర తగిలింది. ఇది కెమెరా మీటరుది కాదు, ఫిలిం రోజులది. అమెరికాలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఫొటోలు కడిగే ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ. మొదటి మోడల్ పేరు షర్లీ కావడంతో ఆ తర్వాత ఎవరి బొమ్మ ఉన్నా దాన్ని షర్లీ కార్డే అన్నారు. ఆమె చర్మం బాగా వస్తే మిషను బాగున్నట్టు లెక్క. నల్లవాళ్ల ముఖం ఎట్లా వస్తున్నదని చాలాకాలం ఆ కార్డు అడగలేదు. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డు రావడానికి 1990లు పట్టింది. ఈ మధ్య 2021లో గూగుల్ వాళ్లు పిక్సెల్ 6 ఫోనుతో పాటు రియల్ టోన్ అని పెట్టి, నల్లటి చర్మం సరిగ్గా రావడానికి ప్రత్యేకంగా పనిచేశామని చెప్పుకున్నారు. అంటే అంతకుముందు రావడం లేదని ఒప్పుకున్నట్టే కదా! ఫొటోలో నల్లగా పడితే మనం నల్లగా ఉన్నందుకే అనుకుని చిన్నప్పుడు వెనుక వరుసలోకి జరిగేవాళ్లం. పౌడర్ పూసుకుని నిలబడినవాళ్లం కూడా ఉన్నాం. తమ్ముళ్లూ, అది మన ముఖం లోపం కాదు, కొలత లోపం.

దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు కాలేదు. మీటరును ముఖం మీదికి తిప్పాం. వెలుగును ఒక స్టాపు, అంటే రెట్టింపు పెంచాం. గోడను వదిలేసి వేపచెట్టు నీడకు మారాం. నడినెత్తిన ఎండకు బదులు పొద్దున ఎనిమిదిన్నరకు తీద్దామనుకున్నాం. ఆటోలో బొగ్గయిపోయిన ముఖాలే అక్కడ ఎవరి రంగు వారికి, నవ్వుతో సహా కనబడ్డాయి. మూడు కెమెరాల్లోనూ!

నికాన్ అభిమానులు కోపగించుకోకుండా ఒక నిజం ఒప్పుకోవాలి. చీకటిగా పడిన ఫొటోను తర్వాత కంప్యూటర్‌లో పైకి లేపేటప్పుడు డి850 ముందు మిగతావి నిలవలేదు. రా ఫైలులో ఒక్కో పిక్సెల్‌కు 14 బిట్లు, అంటే 16,384 మెట్లుంటాయి. మామూలు జేపెగ్‌లో 256 మెట్లే. ఐఎస్‌ఓ 64 దగ్గర తీసిన డి850 రా ఫైలును మూడు స్టాపులు లేపినా నీడలు శుభ్రంగా ఉన్నాయి. 200డిలో మచ్చలు పైకి తేలాయి. తప్పు చేసినవాడిని కాపాడడంలో పెద్ద కెమెరా పెద్దదే. పెండ్లిలో తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కాబట్టి వాళ్లకు అది కావాలి. మాకు రెండోసారి తీసే వీలుంది.

కాబట్టి రెండు పెద్ద కెమెరాలనూ తుడిచి, ఎవరివి వారికి అప్పగించి వచ్చాం. అసలు ఫొటో మా 200డితోనే, ఆ 50 ఎంఎం లెన్సుతోనే, ఎఫ్8లో తీశాం. చిన్న సెన్సార్ కావడంతో అందరూ పట్టాలంటే పాతిక మీటర్లు వెనక్కి పోవాలి. గ్రౌండు చాలక గేటు తెరిచి ఫొటో తీసేవాడు రోడ్డు మీద నిలబడ్డాడు. ఆటో ఒకటి, పాల బండి ఒకటి అడ్డం వస్తే ఆగాం. అంత దూరం నుంచి తీయడం వల్ల కొసల్లోవాళ్ల తలలు గుండ్రంగానే ఉన్నాయి. పొట్టివాళ్లను కొసలకు నెట్టకుండా నడుమ కూర్చోబెట్టాం. గళ్ల చొక్కా పిల్లవాడు మాత్రం వినకుండా అదే చొక్కాతో వచ్చాడు. పాత కెనాన్‌లో మెత్తబరిచే ఫిల్టర్ ఉండటంతో చారలు పెద్దగా తేలలేదు. వెతికితే కొంచెం కనబడతాయి.

ప్రెస్సు నుంచి ప్రూఫు కాగితం వచ్చాక ఆ అవ్వ దగ్గరికి పట్టుకుపోయాం. ఇందులో ఆమె కొడుకు లేడని, వీళ్లంతా ఇప్పటి పిల్లలని ముందే చెప్పాం. అయినా చాట దించి, పేజీని మీదికీ కిందికీ చూసింది. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి, "ఈడు నవ్వుతుండు. ఈడు ఏడ్సినట్టున్నడు. గీ పోరడు ఎవ్వలో మన లచ్చవ్వ మనుమని తీరుగున్నడు" అంటూ పోయింది. తర్వాత, "వీళ్ల తల్లులకు పంపుతరా ఇది?" అని అడిగింది. పంపుతామని చెప్పాం. సంచికలు ఇంటింటికీ చేరవేసే పని కూడా అట్లా మా నెత్తిన పడింది.

మధ్య పేజీలు తెరిచి చూసుకోండి. మొత్తం పదకొండుసార్లు తీసి, అన్నింటిలో మంచిది ఎంచాం. అందులోనూ మూడో వరుసలో కుడి నుంచి నాలుగో తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. అది కెనాన్ తప్పు కాదు, లెన్సు తప్పు కాదు. పాల బండి హారన్ కొట్టింది.